మళ్లీ నలుగురిలోకి ఎప్పుడు?

1809 నుంచి 1811 వరకు కోయంబత్తూరు, మదురై, దిండిగల్లు, తిరునెల్వేలి సీమల్ని ఒక విషజ్వరం కుదిపేసింది. నాయకరాజుల కాలం నుంచీ అక్కడ స్థిరపడ్డ కమ్మ, బలిజ, దేవాంగ కుటుంబాల ఊళ్లు ఎన్నో ఆ సీమల్లోనివే. కారణం తేల్చమని మద్రాసు ప్రభుత్వం డాక్టర్ ఐన్‌స్లీ అధ్యక్షతన ఒక సంఘాన్ని వేసింది. 1816లో లండన్‌లో అచ్చయిన ఆ నివేదిక పేరులో వైద్యంతో పాటు భూగోళం, వ్యవసాయం కూడా ఉన్నాయి. జ్వరం నేలలోంచీ గాలిలోంచీ పుడుతుందని నమ్మిన రోజులవి. వదిలి వదిలి వచ్చే ఆ జ్వరం మలేరియా అయివుండవచ్చు. అయితే అసలు దోషి దోమ అన్న సంగతి 1897 ఆగస్టులో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ చూసేదాకా బయటపడలేదు.

ఆలోగా ఊళ్లు చేతులు ముడుచుకుని ఏమీ లేవు. ఇంట్లో అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టేవారు. అవి చూసినవాళ్లు గడప తొక్కరు. పొక్కులు ఎండి రాలాక పసుపూ వేపాకూ వేసిన నీళ్లు పోసేదాకా రోగి బయటికి రాడు. మూఢనమ్మకమని దీన్ని కొట్టిపారేయడం తేలిక. జబ్బును నయం చేయలేకపోయినా, ఎడంగా ఉండమనీ, ఇక ఉండక్కర్లేదనీ ఊరంతటికీ ఒకేలా చెప్పిన పద్ధతి అది. రోగి మీద నింద పడనివ్వలేదు కూడా, వచ్చింది అమ్మవారు కదా.

సర్కారు పద్ధతి వేరు. 1896లో బొంబాయిలో దిగిన ప్లేగు, 20వ శతాబ్దపు తొలి దశకాల్లో కోయంబత్తూరును మళ్లీ మళ్లీ పీడించింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ప్లేగు పాస్‌పోర్టు వచ్చింది. జబ్బున్న ఊరినుంచి వచ్చినవాడు పది రోజులపాటు రోజూ అధికారికి కనిపించాలి. పదకొండో రోజున పక్కింటివాళ్లు పలకరిస్తారా అన్నది ఆ కాగితం పరిధిలో లేదు. ఆ లోటు జనమే పూడ్చుకున్నారు. కోయంబత్తూరులో ప్లేగు మారియమ్మన్ గుళ్లు ఇప్పటికీ పూజలందుకుంటున్నాయి. 2021 మేలో నగర శివారు ఇరుగూరులో కరోనా దేవి విగ్రహం వెలిస్తే పత్రికలు వింతగా రాశాయి గాని, ఆ ఊరికది కొత్తేమీ కాదు.

రోగిని ఎవరు చూస్తారన్న ప్రశ్నకు కొంత జవాబు నూలు మిల్లుల సొమ్ముతో వచ్చింది. 1926లో పీఎస్‌జీ ధర్మసంస్థ, 1952లో జి. కుప్పుస్వామి నాయుడు స్మారక ఆసుపత్రి, రెండూ తెలుగు మిల్లు కుటుంబాలు నిలబెట్టినవే. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవ 2008లో తమిళనాడుకూ చేరింది.

2020 మార్చి 25న తమిళనాడులో తొలి కోవిడ్ మరణం మదురై రాజాజీ ప్రభుత్వ ఆసుపత్రిలో నమోదైంది. 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్నే మళ్లీ బయటికి తీశారు. పాత పాస్‌పోర్టు స్థానంలో ఈ-పాస్ వచ్చింది. జిల్లాలు దాటడానికి అది అక్కర్లేదని ఆ ఏడు సెప్టెంబరు 1న గాని తేలలేదు. వేపమండ ఉండాల్సిన గుమ్మం పక్కన సర్కారు కాగితం అంటించారు. వేపమండను చూసి జనం దణ్ణం పెట్టేవారు, ఈ కాగితాన్ని చూసి వేలు చూపారు. అధికారుల ప్రత్యేక ఆదేశం లేనిదే అలాంటివి అంటించరాదని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. మరుసటి మే నెలాఖరుకు రోజువారీ కేసుల్లో కోయంబత్తూరు చెన్నైని దాటిపోయింది. అప్పుడు అందరూ అడిగింది ఒక్కటే: పడక దొరుకుతుందా, ఆక్సిజన్ ఉందా?

మళ్లీ నలుగురిలోకి రావడానికి మదురైలో కొలమానం చిత్తిర తిరునాళ్లు. మీనాక్షి కల్యాణాన్నీ అళగర్ స్వామి ఉత్సవాన్నీ ఒకచోట కలిపింది నాయకరాజు తిరుమల నాయకుడని ఊరు చెప్పుకుంటుంది. 2020 మే 4న ఆ కల్యాణం పూజారుల మధ్యనే జరిగింది, జనం తెర మీద చూశారు. 2021లోనూ భక్తులు లేరు. 2022 ఏప్రిల్‌లో జనం ఆగలేదు. అళగర్ వైగై నదిలో దిగే వేళ లక్షల మంది వచ్చారు, ఆ తొక్కిసలాటలో ఇద్దరు చనిపోయారు. అంటువ్యాధి లెక్కలన్నీ చూసుకున్న యంత్రాంగం గుంపు లెక్క మరిచింది.