బరి యొద్ద బాటసారి

సంక్రాంతి మూడు దినములును ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి తీర గ్రామములకు చుట్టములే గాక చుట్టరికము లేనివారును వత్తురు. హైదరాబాదు నుండియు, పొరుగు రాష్ట్రముల నుండియు, సముద్రముల కావలి నుండియు వచ్చు ఈ క్రొత్తవారిలో పలువురి చూపు కోడిపందెముల బరి మీదనే యుండును. ఆట నియమము తెలియదు, కేకల కర్థము తెలియదు; అయినను గుంపుతో పాటు వారి గుండెయు కొట్టుకొనును. ఒక ప్రాంతపు ఆటను అన్యుడు వచ్చి చూచుట మన సాహిత్యమునకు క్రొత్త గాదు. ఆ చూపరి జాడను మనమొకింత వెదకుదము.

దండి రచించిన దశకుమారచరితములో ప్రమతి యను యువకుడు శ్రావస్తికి పోవుచు, త్రోవలో వర్తకులు సాగించు కోడిపందెమును చూచును. రెండు కోళ్ళ జాతులలోని తారతమ్యము కనిపెట్టి చిరునవ్వు నవ్వును. ప్రక్కనున్న వృద్ధ బ్రాహ్మణుడు కారణమడిగి తెలిసికొని, ఊరకుండుమని సంజ్ఞచేసి, తాంబూలమిచ్చి, పిమ్మట ఇంటికి గొనిపోయి ఆదరించును. ఆ వృద్ధుడే తరువాత అతని వివాహమునకు తోడ్పడును. ఈ గ్రంథమును 13వ శతాబ్దిలో కేతన తెనిగించి తిక్కనకు అంకితమిచ్చెను. పందెపు ధనమేమైనదో కథకు పట్టదు. పరదేశికి దొరకిన చెలిమియే కథను ముందుకు నడిపినది.

వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామములోను చూపరులు ఇద్దరు కలరు. మంచనశర్మయు, టిట్టిభసెట్టియు ఓరుగల్లు వీధులలో తిరుగుచు, పొట్టేళ్ళ పోరును, కోళ్ళ పోరును తిలకింతురు. నాటి నగర జీవనమున ఈ వినోదమునకు గల స్థానము దీనివలన తెలియుచున్నది.

దీని రెండవ ముఖము పల్నాటి వీరుల కథలో కలదు. నాగమ్మకును బ్రహ్మనాయనికిని నడచిన కోడిపోరులో ఓడిన పక్షము ఏడేండ్లు రాజ్యము విడువవలసి వచ్చెను. ఆ పగ తుదకు 12వ శతాబ్దిలో కారెంపూడి రణరంగమునకు దారితీసెను. వినోదము పంతమైనప్పుడు ఏమగునో తెలుగువారికి ఇంతకంటె వేరు సాక్ష్యమక్కరలేదు.

గోదావరి మండలమున ఈ విద్య శాస్త్రముగనే పెరిగినది. డేగ, కాకి, నెమలి, పర్ల, సేతువ యని ఈకల రంగును బట్టి పుంజులకు పేర్లు. ఏ దినమున ఏ రంగు గెలుచునో చెప్పుటకు కుక్కుట శాస్త్రము. బాదము పప్పు పెట్టి, చెరువులలో ఈదించి, పుంజును బిడ్డవలె సాకుదురు. అట్లు సాకిన చేతులే దాని కాలికి కత్తి కట్టును. కొలది నిమిషములలో నెలల పెంపకము నెత్తురు మడుగగును. గట్టు మీద కూలివాని సంపాదనయు అంతే వేగముగ చేతులు మారును. జంతువులను పోరునకు పురికొల్పుట 1960 నాటి జంతు హింసా నివారణ చట్టము ననుసరించి నేరము. పందెపు జూదమును 1974 నాటి చట్టము నిషేధించుచున్నది. 2016లో ఉన్నత న్యాయస్థానమును ఈ పందెములను ఆపవలసినదిగా ఆదేశించెను. అయినను బరులు వెలయుచునే యున్నవి. ప్రాచీనాచారమను మాటయే వానికి కవచము.

ఆట చూడవచ్చిన అన్యుని అలరించుటకు నెత్తురు అవసరమా? జపానును చూడుడు. బేస్‌బాలు వారికి పరాయి ఆట. హొరేస్ విల్సన్ అను అమెరికా ఉపాధ్యాయుడు 1872 ప్రాంతమున తన విద్యార్థులకు నేర్పెను. నేడది వారి సొంతము. 1924లో వెలసిన కోషియెను క్రీడాస్థలమున పాటలు, డప్పులు మ్రోగుచుండ, నియమములెరుగని విదేశీయుడును చప్పట్ల లయలో కలిసిపోవును. ఓడిన పాఠశాల బాలురు ఆ నేలమట్టిని సంచిలో నింపుకొని కన్నీటితో మరలుదురు. అక్కడ ఓటమి గుర్తు పిడికెడు మన్ను. ఇక్కడ ఒక ప్రాణము.

ప్రాచీనతను మనము కాదనము. కాని ప్రమతికి వృద్ధుడిచ్చిన తాంబూలమును ప్రాచీనమే, పల్నాటి పగయు ప్రాచీనమే. రెంటిలో దేనిని వారసత్వముగ గైకొందుమన్నది మన వివేకము. చెడుగుడు, ముగ్గులు, గొబ్బిపాటలు, అరిసెల పళ్ళెరము గల ఊరిలో అతిథికి కొరత యేమి? కొల్లేటి సీమకు వచ్చిన బాటసారి ఆ ఆదరణను తలచుకొనుచు మరలునట్లు చేయుటయే మన సంక్రాంతికి శోభ.