ముఅల్లిం: బడిలోనూ ఓడలోనూ

1498 ఏప్రిల్ 24న తూర్పు ఆఫ్రికాలోని మాలిందీ రేవు నుండి బయలుదేరిన వాస్కోడగామా ఓడలు మే 20 నాటికి కోళిక్కోడు సమీపానికి చేరాయి. మహాసముద్రం మీద ఆ ఓడలకు దారి చూపిన నావికుని పోర్చుగీసు చరిత్రకారులు 'మాలెమో కానా' అనీ, 'మాలెమో కానాకా' అనీ వ్రాశారు. చదివేవారు అది అతని పేరనే అనుకుంటారు. నిజానికి అందులో పేరన్నది లేనే లేదు. 'మాలెమో' అనేది అరబ్బీ 'ముఅల్లిం'. 'కానాకా' మన 'గణక' శబ్దానికి చుట్టం; లెక్కలు కట్టేవాడు, జ్యోతిషం తెలిసినవాడు అని అర్థం. రెండు భాషల నుండి వచ్చిన రెండు వృత్తినామాలు కలిసి ఒక మనిషి పేరును మింగివేశాయి.

పేరు లేని చోట మరొకరి పేరు వచ్చి చేరింది. 16వ శతాబ్దానికి చెందిన మక్కా చరిత్రకారుడు ఖుత్బుద్దీన్ నహ్రవాలీ, ఆ దారి చూపినవాడు ప్రఖ్యాత నావికుడు అహ్మద్ ఇబ్న్ మాజిదేననీ, అదీ మత్తులో చూపాడనీ వ్రాశాడు. 20వ శతాబ్దంలో ఫ్రెంచి పండితుడు గాబ్రియేల్ ఫెర్రాన్ దీనిని సమర్థించాడు. కాని పోర్చుగీసు చరిత్రకారుడు బారోస్ ఆ నావికుడు గుజరాతు ముస్లిమని చెప్పాడు. ఇబ్న్ మాజిద్ అరబ్బు. స్వస్థలం జుల్ఫార్, అంటే నేటి రాస్ అల్ ఖైమా ప్రాంతం. పైగా 1498 నాటికి వృద్ధుడు. ఈ కారణాల వల్ల తరువాతి పరిశోధకులలో పలువురు ఆ కథనాన్ని అంగీకరించలేదు. అయినా సముద్రాన్ని పరాయివారికి అప్పగించినవాడన్న నింద ఆ మహానావికుని ఇంకా వెన్నాడుతూనే ఉంది.

ఇంతకూ 'గురువు' అన్న మాట ఓడ ఎలా ఎక్కింది?

అరబ్బీలో ఐన్, లామ్, మీమ్ అన్న మూడక్షరాల ధాతువుకు 'తెలియుట' అని అర్థం. ఇల్మ్, ఆలిం, తాలీం, దక్కనీ ఉర్దూలో నిత్యం వినిపించే మాలూం, అన్నీ దీని సంతానమే. తెలిసినవాడు ఆలిం, తెలిసేటట్లు చేసేవాడు ముఅల్లిం. దివ్య ఖుర్ఆన్‌లో మొదట అవతరించినవిగా ప్రసిద్ధమైన వాక్యాలలోనే కలంతో నేర్పటం అనే ప్రస్తావన ఈ ధాతువుతో వస్తుంది. తత్త్వశాస్త్రంలో అరిస్టాటిల్‌ను మొదటి ముఅల్లిం అనీ, ఫారాబీని రెండవ ముఅల్లిం అనీ గౌరవించారు.

అయితే వీధిబడి పంతులుకు ఆ గౌరవం దక్కలేదు. రోజంతా పసిపిల్లలతో గడిపేవానికి బుద్ధి మందగిస్తుందని అరబ్బులు హాస్యోక్తులు చెప్పుకొనేవారు. 9వ శతాబ్దంలో జాహిజ్ వంటి మహారచయిత ముఅల్లిముల గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథమే వ్రాసి వారి పక్షాన వాదించవలసి వచ్చింది. పంతుళ్ళను ఎగతాళి చేయటం ఏ ఒక్క దేశానికో పరిమితం కాదు కదా!

సముద్రం మీద మాత్రం ముఅల్లింను ఎగతాళి చేసే ధైర్యం ఎవరికుంటుంది? లోతులూ, మెరకలూ, నక్షత్రాలూ తెలిసినవాడు అతడే. అబుల్ ఫజల్ 'ఆయినె అక్బరీ'లో ఓడ సిబ్బందిని పేర్కొంటూ నాఖుదా తరువాత ముఅల్లింను చెప్పి, ఖగోళశాస్త్రం తెలిసి ఉండటం అతని అర్హతగా నిర్ణయించాడు. తమిళంలో నావికునికి నేటికీ వాడే 'మాలుమి' ఈ మాటే. కచ్ ఓడరేవులలో ఇది 'మాలం' అయింది. భుజ్‌లో 18వ శతాబ్దపు అద్దాల మహలును రావు లఖ్‌పత్‌జీ కోసం నిర్మించిన రాంసింగ్ మాలం ఆ బిరుదు గలవాడే. హాలెండులో గాజుపని, గడియారాల పని నేర్చి వచ్చాడు. మలయ్ భాషలో 'మాలిం' మతవిద్య తెలిసినవాడూ, ఓడకు దారి చూపేవాడూ కూడా. ఇండోనేషియాలో ఓడ అధికారిని ఇప్పటికీ 'ముఅలిం' అంటారు.

తూర్పు ఆఫ్రికాలో ఈ మాట తిరిగి బడికి చేరింది. స్వాహిలీలో మనుషులను తెలిపే పదాలకు ఏకవచనంలో 'మ్', బహువచనంలో 'వా' ముందు చేరుతాయి. అరబ్బీ 'ము'ను ఆ ఉపసర్గగానే భావించి 'మ్వాలిము'కు 'వాలిము' అని బహువచనం చేసుకున్నారు. ఇంతకంటె పూర్తిగా ఒక పరాయి మాట సొంతమైపోవటం అరుదు. టాంజానియా తొలి అధ్యక్షుడు జూలియస్ నైరేరే పూర్వాశ్రమంలో ఉపాధ్యాయుడు. 1985లో పదవి విడిచిన తరువాత కూడా ప్రజలకు 'మ్వాలిము'గానే ఉన్నాడు. ఆయన కాథలిక్కు కావటం ఆ పిలుపుకు అడ్డు రాలేదు.

తుర్కీలో దీనికి విరుద్ధంగా జరిగింది. 1930ల భాషా సంస్కరణలో 'ముఅల్లిం' స్థానంలో 'ఓరెత్‌మెన్' అన్న కొత్త పదం కల్పించారు. పొరుగున ఉన్న అజర్‌బైజానీలో మాత్రం పురుషుల పేరు చివర గౌరవవాచకంగా అది నిలిచి ఉంది.

తెలుగులోకి ముఅల్లిం రాలేదు గాని దాని తోబుట్టువు వచ్చింది. కర్రసాము, కుస్తీ నేర్పే చోటును తెలుగువారు 'తాలింఖానా' అన్నారు. అక్కడ నేర్పేవానిని పిలవటానికి మాత్రం 'ఉస్తాదు' అన్న మాట వాడారు. ఆ మాటను అరబ్బులే పారశీకం నుండి అరువు తెచ్చుకున్నారు.