ఈసారి కృష్ణుడెవరు?

2027 మార్చి 27 నాటికి ‘మాయాబజార్’ విడుదలై డెబ్బై ఏళ్లు నిండుతాయి. ఆ సినిమాకు రంగులద్దింది సికింద్రాబాద్ వాళ్లే. సరోజినీదేవి రోడ్డులో కార్యాలయమున్న గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ తయారుచేసిన రంగుల ప్రతి 2010 జనవరి 30న థియేటర్లకు వచ్చింది. నలుపు తెలుపుల్లో బూడిద ఛాయగా మెరిసిన కృష్ణుడి ఒంటిరంగు ఏమిటో, యాభై మూడేళ్ల తర్వాత కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్లు తేల్చాల్సి వచ్చింది. రంగు మార్చగలిగారు కానీ ఆ ముఖాన్ని ఎవరు మార్చగలరు? తెలుగువాడు కళ్లు మూసుకుని కృష్ణుణ్ణి తలుచుకుంటే వచ్చేది నందమూరి తారక రామారావు ముఖమే.

ఈ అలవాటు పాతది కాదు. 1957కు ముందు తెలుగు కృష్ణుడికి ఒక్క ముఖమంటూ లేదు.

పదమూడో శతాబ్దంలో తిక్కన ఉద్యోగపర్వాన్ని తెనిగించాడు. రాయబారానికి వెళ్లే కృష్ణుడికి ఆనాడే తెలుగు మాట అబ్బింది. ఆ తర్వాత కొన్ని వందల ఏళ్లపాటు యక్షగానాల్లో, తోలుబొమ్మల తెర మీద, కూచిపూడివారి భామాకలాపంలో ఆయన తిరుగుతూనే ఉన్నాడు. వేషం కట్టినవాళ్ల పేర్లు మాత్రం మనదాకా రాలేదు. పేర్లు దొరకడం పందొమ్మిదో శతాబ్దం చివర మొదలవుతుంది. ధార్వాడ నాటక సమాజాలు ఆంధ్రదేశంలో తిరిగి వెళ్లాయి, బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు నాటకంలోకి పాటా పద్యమూ తెచ్చారు, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో ఒక కుటుంబ నాటక సమాజం పుట్టింది. తర్వాత తిరుపతి వెంకట కవులు పాండవోద్యోగ విజయాలు రాశారు. అక్కడి నుంచి కృష్ణ వేషానికి గిరాకీ పెరిగిపోయింది.

ఆ నాటకాలు ఆడిన తీరు తెలిస్తే ‘పాత్రకు కొత్త నటుడు’ అన్న మాటే వింతగా తోస్తుంది. కాంట్రాక్టరు కుదిర్చిన ఆటలో ఒక్క రాత్రికే ఇద్దరు ముగ్గురు కృష్ణులుండేవారు. పడకసీనుకు ఒకరు, రాయబారానికి ఒకరు, యుద్ధరంగానికి ఇంకొకరు. గోడపత్రికల మీదే ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని అచ్చయ్యేది. ఊళ్లలో జనం “ఈసారి కృష్ణుడెవరు?” అని అడిగేవారే తప్ప, ఒకే కృష్ణుడు తెల్లవార్లూ ఉండాలని పట్టుబట్టలేదు. కిరీటం ఒకరి తల మీంచి ఇంకొకరి తల మీదికి మారుతుంటే కథ ఆగేది కాదు, భక్తి తగ్గేది కాదు. హార్మోనియం శ్రుతి అందుకుని కొత్త కృష్ణుడు పద్యం ఎత్తుకోగానే ముందటి కృష్ణుడితో పోలిక మొదలయ్యేది. నచ్చితే వన్స్ మోర్!

పోలిక ఎందులో? గొంతులో. కల్యాణం రఘురామయ్య నోట్లో వేలు పెట్టుకుని ఈలతోనే రాగం పలికించేవారు, అందుకే ఈలపాట రఘురామయ్య అయ్యారు. షణ్ముఖి ఆంజనేయరాజు రాగం తీస్తే పందిరి చివర కూర్చున్నవాడికీ నిద్ర వదిలేది. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన పీసపాటి నరసింహమూర్తి మాత్రం రాగాలాపన తగ్గించారు. పద్యం అర్థం చెవికి చేరితే చాలునన్నది ఆయన పద్ధతి. ఈ ముగ్గురిలో పీసపాటిదే గొప్ప దారి. రాయబారం అంటే సంగీత కచేరీ కాదు, యుద్ధం ఆపడానికో, ఆగదని తేల్చడానికో మాట్లాడే మాట. అందులో ప్రతి అక్షరమూ వినబడాలి. ఏలూరులో ప్లీడరుగా ఉంటూ కృష్ణ వేషం కట్టిన బందా కనకలింగేశ్వరరావు కూడా ఈ సంప్రదాయంలోని మేటి. ఆయనే తర్వాత కూచిపూడిలో సిద్ధేంద్ర కళాక్షేత్రం నిలబడడానికి పూనుకున్నారు.

టాకీలు వచ్చాక ఆ పోటీ తెరకెక్కింది. 1936లో ద్రౌపది కథ మీద రెండు సినిమాలు ఒకదానికొకటి పోటీగా వచ్చాయి. ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’లో కృష్ణుడు సి.ఎస్.ఆర్. ఆంజనేయులు, ‘ద్రౌపదీ మానసంరక్షణం’లో బందా. రెండో దాంట్లో దుర్యోధనుడు సాక్షాత్తూ బళ్లారి రాఘవ. అయినా జనం మొదటిదానికే మొగ్గారు. అప్పటికీ ఏ ముఖమూ శాశ్వతం కాలేదు. నటుడి పేరు చెప్పి ‘ఫలానావారి కృష్ణుడు’ అనడమే వాడుక.

ఆ వాడుకను మార్చింది ‘మాయాబజార్’ దర్శకుడు కె.వి. రెడ్డి.

‘మాయాబజార్’ మొదలయ్యే నాటికి రామారావు కృష్ణుడిగా నిలదొక్కుకోలేదు. ‘ఇద్దరు పెళ్లాలు’ (1954), ‘సొంత ఊరు’ (1956) సినిమాల్లో కాసేపు ఆ వేషంలో కనిపిస్తే ప్రేక్షకులు ఒప్పుకోలేదు. పాతాళభైరవిలో కత్తి పట్టిన తోట రాముడు పింఛం పెట్టుకుంటే వాళ్లకు కొరుకుడు పడలేదు. ఆయనా వెనకాడారు. కె.వి. రెడ్డి పట్టు వదల్లేదు. ‘పాతాళభైరవి’ తీసిందీ ఆయనే కాబట్టి ఆ ముఖంలో ఏముందో ఆయనకు తెలుసు. మాధవపెద్ది గోఖలే, కళాధర్ కళాదర్శకత్వంలో కిరీటం, ఆభరణాలు, అలంకరణ కొత్తగా రూపుదిద్దుకున్నాయి. కెమెరా వెనక మార్కస్ బార్ట్‌లే. నీలమేఘశ్యాముడి నీలాన్ని నలుపు తెలుపుల్లో చూపడం కుదరదు. బార్ట్‌లే వెలుతురును ఆ బుగ్గల మీద, ఆ కళ్ల మీద నిలిపి రంగు లేని లోటు తీర్చాడు.

పింగళి నాగేంద్రరావు రాత కూడా వేషాన్ని మార్చేసింది. మాయాబజార్ కృష్ణుడు పద్యాలతో సభను గెలిచే కృష్ణుడు కాదు. అన్నీ తెలిసి, ఏమీ తెలియనట్టు పక్కన నిలబడి చిరునవ్వు నవ్వే కృష్ణుడు. రంగస్థలం మీద వెనక వరుస వాళ్లకు ఆ చిరునవ్వు కనబడదు, క్లోజప్‌లో కనబడుతుంది. గొంతు చుట్టూ తిరిగిన పాత్ర ముఖం చుట్టూ తిరగడం ఆ సినిమాతో మొదలైంది. ముప్ఫై మూడేళ్ల రామారావు ఆ మార్పును అందిపుచ్చుకున్నారు. ఎంత బాగా అందుకున్నారో కొలవడానికి ఆ సినిమాలోనే ఒక కొలబద్ద ఉంది: శకుని. సత్యపీఠం ఎక్కి తన గుట్టు తానే బయటపెట్టుకునే ఆ శకుని ఎవరో కాదు, 1936 నాటి కృష్ణుడు సి.ఎస్.ఆర్. పాత కృష్ణుడూ కొత్త కృష్ణుడూ ఒకే మండపంలో ఉన్న ఆ ఘట్టాన్ని ఈ సంగతి తెలిసి మళ్లీ చూడాలి. సి.ఎస్.ఆర్. కంట్లో అసూయ లేదు. అటువంటి నటుడు తన పాత వేషాన్ని ఇంకొకరికి వదిలి, ఎదురుగా అంత గొప్ప శకునిగా నిలబడడం మన సినిమా చరిత్రలో అరుదైన ఔదార్యం.

ఆ తర్వాత ‘శ్రీకృష్ణార్జున యుద్ధం’, ‘శ్రీకృష్ణ తులాభారం’, ‘శ్రీకృష్ణ పాండవీయం’, ‘శ్రీకృష్ణావతారం’ వరసగా వచ్చాయి. ముఖం రామారావుది, పద్యం ఘంటసాలది. తిరుపతి వెంకట కవుల పద్యాలు ‘శ్రీకృష్ణావతారం’లో ఘంటసాల గొంతులోంచే కొత్త తరానికి చేరాయి. వేషమూ గొంతూ ఒకే మనిషివైన కాలం అలా ముగిసింది. 1960లో వచ్చిన ‘శ్రీకృష్ణ రాయబారం’లో రఘురామయ్య కృష్ణుడిగా కనిపించినా ఆ వరవడిని ఆపలేకపోయారు.

రెండో కృష్ణుడి సంప్రదాయం మాత్రం తెర మీదా ఒకరివల్ల బతికింది. ఆయన కాంతారావు, కోదాడ దగ్గరి గుడిబండ బిడ్డ. రామారావు బృహన్నలగా మారిన ‘నర్తనశాల’లో, అర్జునుడైన ‘బభ్రువాహన’లో, భీముడైన ‘పాండవ వనవాసం’లో పింఛం ఆయన తల మీదే ఉంది. కత్తి కాంతారావుగా చెప్పుకుంటాం గానీ, ఆ కృష్ణుడి నెమ్మదికి దక్కాల్సినంత పేరు దక్కలేదు.

1977 సంక్రాంతికి మళ్లీ పోటీ. జనవరి 14నే రెండు భారతాలు విడుదలయ్యాయి. ‘కురుక్షేత్రం’లో శోభన్‌బాబు కృష్ణుడు. హైదరాబాద్‌లోని సొంత స్టూడియోలో తీసిన ‘దానవీరశూరకర్ణ’లో రామారావే కృష్ణుడు, దుర్యోధనుడు, కర్ణుడూను. ఘంటసాల 1974లోనే వెళ్లిపోయారు, గొంతులు మారాయి. దర్శకత్వం కూడా రామారావుదే. కొండవీటి వెంకటకవి సంభాషణలు ఊరూరా నోళ్లలో నానాయి. శోభన్‌బాబు కృష్ణుడు అందగాడే, కానీ అప్పటికే ఇరవై ఏళ్లుగా స్థిరపడిన ముఖానికి ఎదురు నిలవడం ఎవరి తరం?

ఇక్కడి నుంచి దారి చీలిపోతుంది. 1996లో ‘శ్రీకృష్ణార్జున విజయం’లో బాలకృష్ణ కృష్ణుడూ అర్జునుడూ అయ్యారు. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు, ‘మాయాబజార్’ నాడు కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడు. 2015 ‘గోపాల గోపాల’లో పవన్ కల్యాణ్ కృష్ణుడు మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. గుజరాతీ నాటకం హిందీ సినిమాగా మారి, అందులోంచి ఇలా మన దగ్గరికి చేరింది. 2018 ‘మహానటి’లో మాయాబజార్ సెట్లు మళ్లీ కట్టారు. సావిత్రిగా కీర్తి సురేశ్, ఎస్వీ రంగారావుగా మోహన్‌బాబు, కె.వి. రెడ్డిగా క్రిష్, అక్కినేనిగా ఆయన మనవడు నాగచైతన్య. రామారావు వేషం మాత్రం ఈ కాలపు నటులెవరికీ ఇవ్వలేదు. ఎనిమిది నెలలకు, 2019 జనవరిలో, ‘ఎన్టీఆర్ కథానాయకుడు’లో బాలకృష్ణ ఆ పని చేశారు. అక్కడ ఆయన కట్టింది కృష్ణ వేషం కాదు, కృష్ణ వేషంలోని తండ్రి వేషం.

2024 జూన్ 27న ‘కల్కి 2898 ఏడీ’ వచ్చింది. ‘మహానటి’ తీసిన నాగ్ అశ్వినే దర్శకుడు, వైజయంతీ మూవీస్ నిర్మాణం. 1974లో మొదలైన ఆ సంస్థ చిహ్నంలో శంఖం పూరించే కృష్ణుడు రామారావే. సినిమాలోని కృష్ణుడికి మాత్రం ముఖం లేదు. నీడలో నిలిచిన ఒళ్లు కృష్ణకుమార్ అనే తమిళ నటుడిది, గొంతు అర్జున్ దాస్‌ది. కృష్ణుడికి ఒక నటుడి గుర్తింపు అంటకూడదనే అలా చూపామని దర్శకుడు చెప్పాడు. మంచి ఆలోచనే. కానీ మన పద్యనాటకం దీనికి వేరే దారి ఎప్పుడో చూపింది. ముఖాన్ని దాచకుండా, ఒకే రాత్రి మూడు ముఖాలు చూపించి, మూడూ కృష్ణుడే అనిపించింది.

‘కల్కి’ రెండో భాగంలో ముఖం చూపిస్తారా, చూపిస్తే ఎవరిదన్న చర్చ నడుస్తోంది. పేర్లన్నీ పెద్ద తారలవే. ఎవరు కట్టినా సరే, రాయబారం సీను పెట్టి ఆ పద్యాలు సొంత గొంతుతో చదవగలిగిన నటుణ్ణి వెతకాలి. రాగం తీయలేకపోయినా ఫరవాలేదు, పీసపాటీ పెద్దగా తీసేవారు కాదు.