థాంగ్‌జ్యుయెన్: ఒక అనువాదకుడి మాట

పడ్డ కష్టం ఫలించకపోతే బూడిదలో పోసిన పన్నీరంటాం. చైనా సాహిత్య భాషలో అందుకు ‘థాంగ్‌జ్యుయెన్’ అనే మాట ఉంది. ఇక్కడ థాంగ్ అంటే రాజవంశం కాదు. అదే అక్షరానికి ‘వట్టి’ అనే పాత అర్థం. జ్యుయెన్ అంటే పారవేయడం. వెరసి, ఉత్తపుణ్యానికి పారబోసుకోవడం.

ఈ మాట బౌద్ధం ఇచ్చినది. 406లో చాంగాన్‌లో కుమారజీవుడు సద్ధర్మపుండరీక సూత్రాన్ని చైనా భాషలోకి తెచ్చాడు. ఆయన తండ్రి భారతీయుడు, తల్లి కూచా రాజకుటుంబపు ఆడపడుచు. కూచాను సైన్యం పట్టుకున్నాక సుమారు 17 ఏళ్ళు లియాంగ్‌జౌలో బందీగా గడిపి, 401లో చాంగాన్ చేరాడు. అవలోకితేశ్వరుడికి నమస్కరించినవారి పుణ్యం వృథా పోదని చెప్పేచోట ఈ మాట వాడాడు. సంస్కృతంలో అక్కడున్నది ‘అమోఘఫలం’. మోఘం అంటే వ్యర్థం. మనం పాట అమోఘంగా ఉందంటాం గానీ ఆ అర్థం ఎప్పుడో మరిచాం. ధమ్మపదం మాత్రం జుట్టు నెరవడం తప్ప ఏమీ సాధించనివాణ్ణి ‘మోఘజిణ్ణ’ అంటుంది, అంటే వట్టినే ముసలైనవాడని.

మొక్కితే ఫలం అనే లెక్క 22 ప్రతిజ్ఞలు చేసిన మనకు రుచించదు. అందుకే ఈ మాట తర్వాతి చరిత్ర మనకు ముఖ్యం.

1931లో జపాన్ మంచూరియాను ఆక్రమించింది. మరుసటి ఏడాది, దిక్కుతోచని పట్టభద్రుల కోసం హూ షి ఒక వ్యాసం రాశాడు. ప్రష్యా చేతిలో ఓడిన ఫ్రాన్సునూ, పట్టుపురుగుల తెగులును, పశువుల రోగాన్ని ఓపికగా పరిశోధించిన పాశ్చర్‌నూ గుర్తుచేశాడు. చివర సూత్రంలోని మాటనే తీసుకొని, ‘పుణ్యం’ ఉన్నచోట ‘శ్రమ’ పెట్టాడు. పుణ్యం సంగతి అటుంచి, శ్రమ వృథా పోదన్నాడు. ఇది అన్నవాడు భక్తుడు కాడు, నాస్తికుడు. బౌద్ధం చైనాకు చేటు చేసిందని వాదించినవాడు. అయినా అవసరానికి ఆయనకు అందివచ్చింది కుమారజీవుడి మాటే!

హూ షి కొలంబియా విశ్వవిద్యాలయంలో జాన్ డ్యూయీ శిష్యుడు. బాబాసాహెబ్ కూడా అక్కడే, 1913-16 మధ్య, డ్యూయీ దగ్గర చదువుకున్నారు. హూ షి చేరింది 1915లో. ఫలితాన్ని మొక్కుబడిలో కాక మనిషి ప్రయత్నంలో వెతకడం ఇద్దరిలోనూ చూస్తాం. అందులో గురువు పాలు కొంత ఉందనే మా అభిప్రాయం.

ఇప్పుడు చైనాలో వాడుకలో ఉన్నది ఎక్కువగా హూ షి మార్చిన రూపమే. ఆయన పెట్టిన ‘శ్రమ’ అక్షరం మన పిల్లలకూ పరిచయమే, కుంగ్‌ఫూలోని కుంగ్. చిత్రమేమంటే, బౌద్ధ గ్రంథాల్లో పుణ్యఫలానికి వాడే చైనా పదం మొదలయ్యేదీ ఆ అక్షరంతోనే.