మూతపడిన పెట్టె

2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి కురిసిన వాన హైదరాబాదు తూర్పు భాగపు వాసులకు అంత తొందరగా మరపునకు వచ్చేది కాదు. 1626లో తవ్వించిన సరూర్‌నగర్ చెరువు నిండి పొర్లింది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల పల్లపు కాలనీలలో నేలమట్టపు గదులన్నీ నీటిపాలయ్యాయి. బియ్యం బస్తాలు, ఫ్రిజ్జులు, పిల్లల సర్టిఫికెట్లు తడిసిన ఆ ఇళ్లలో ఒకదానిలో నా మిత్రుని తండ్రిగారి గిటారు స్పీకరు పెట్టె కూడా మోకాటిలోతు నీళ్లలో రెండు రోజులు నిలిచింది.

ఆయన గణపతి నవరాత్రుల పందిళ్లలోనూ, పెళ్లి విందులలోనూ పాడే ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవారు. ఇప్పుడు లేరు. పెట్టె ఎండింది గాని, దాని వెనుక పలక ఊడిరావడం మానేసింది. కనబడిన స్క్రూలన్నీ తీసినా కదలదు. మూడేళ్లు మూలన పెట్టి, చివరకు మావాడు గడ్డపార మాట ఎత్తాడు.

అతణ్ణి తప్పు పట్టలేను. కొత్తపేట పండ్ల మార్కెట్టు బాటసింగారానికి తరలిపోక మునుపు, మామిడిపండ్ల చెక్కపెట్టెలను ఒక్క తోపుతో ఊడదీసే హమాలీలను చూస్తూ పెరిగినవాళ్లం. పెట్టె అనగానే పగలగొట్టి తెరిచేదే అన్న భావం మాకు అక్కడే నాటుకుని ఉండాలి. అయితే మామిడిపెట్టెను తిరిగి మూయనక్కరలేదు. దీనిని మూయాలి. మూసిన తరువాత మళ్లీ మోగాలి.

అసలు స్పీకరును పెట్టెలో ఎందుకు బంధించారో తెలిస్తే గాని, ఆ బంధం ఎక్కడ విప్పాలో తెలియదు. 1915లో కాలిఫోర్నియాలో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిధామ్ అనే ఇద్దరు తమ మాగ్నవాక్స్ యంత్రంతో శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో వేలాది జనానికి మాట వినిపించినప్పుడు, ధ్వనిని పెంచినది పెట్టె కాదు, బాకా. మన ఊళ్లలో గుడి మీదా, టూరింగ్ టాకీసు మీదా కట్టిన మైకు ఆ వంశానిదే. 1925లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ కాగితపు కోనును తీగచుట్టతో కదిలించే స్పీకరును వివరించారు. నేటికీ మనం వాడుతున్నది ప్రధానంగా ఆ నమూనానే. దానితో ఒక చిక్కు వచ్చింది. కోను ముందుకు కదిలి గాలిని నెట్టినప్పుడు, దాని వెనుక గాలి పలచబడుతుంది. ముందు పుట్టిన అల, వెనుక పుట్టిన అల అంచు చుట్టూ తిరిగివచ్చి కలుసుకుని ఒకదానినొకటి చంపుకుంటాయి. మంద్రస్వరాలు మాయమవుతాయి. ఈ రెంటి నడుమ అడ్డుగోడ కావలసివచ్చింది. ఆ గోడే క్రమంగా పెట్టె అయింది.

ఇక్కడి నుండి వంశవృక్షం చీలుతుంది. తెరిచేవాడికి తెలియవలసిన విషయం ఇదే. అమెరికాలో లియో ఫెండర్ చేసిన గిటారు యాంప్లిఫయర్లకు వెనుక సగం తెరిచే ఉంటుంది, వాటితో పేచీ లేదు. లండన్ పశ్చిమాన హాన్వెల్‌లో దుకాణం నడిపిన జిమ్ మార్షల్ 1960ల తొలినాళ్లలో ఫెండర్ యంత్రాన్ని చూసి తనది తయారుచేసినప్పుడు, నాలుగు పన్నెండంగుళాల సెలెస్టియన్ స్పీకర్లను ఒకే పెట్టెలో పెట్టి వెనుక పూర్తిగా మూసేశాడు. ఆనాటి స్పీకరు ఒక్కటే అంత శక్తిని మోయలేదు గనుక భారాన్ని నలుగురికి పంచాడన్నమాట. అందులో స్పీకర్లను వెనుకవైపు నుండి బిగించారు. కనుక ఆ పలక ఊడిరావడానికే పుట్టింది. మైకుసెట్టు దుకాణాలవారు వాడే సౌండు బాక్సుల తీరు వేరు. వాటిలో చాలావాటికి స్పీకరును ముందునుండి బిగిస్తారు. జాలీ తీస్తే స్పీకరు చేతికి వస్తుంది, వెనుక పలకను జిగురుతో శాశ్వతంగా అతికేస్తారు. గాలి చొరబడని పెట్టెలో లోపలి గాలే స్ప్రింగులా పనిచేస్తుందని ఎడ్గార్ విల్చర్ 1954లో మార్కెట్టుకు తెచ్చిన ఇంటి స్పీకరు రుజువు చేశాక, అటువంటి పెట్టెలకు అతుకు ఎంత గట్టిదైతే అంత మేలయింది. అటువంటి దానిని వెనుకనుండి పెకలిస్తే పలక విరగడమే గాని ఫలితం శూన్యం. ఎన్ని మంచి పెట్టెలు ఈ ఒక్క అజ్ఞానం వలన చితుకులైనాయో.

మా పెట్టె మార్షల్ వంశానిదే, కాని దత్తపుత్రుడు. 1991 ఆర్థిక సంస్కరణలకు ముందు దిగుమతి సుంకాల ధాటికి విదేశీ పెట్టె మధ్యతరగతి వాద్యకారుడికి ఆకాశకుసుమం. ఫొటో చూపి వడ్రంగి చేత ప్లైవుడ్డు పెట్టె చేయించి, రెక్సిన్ అతికించి, దొరికిన స్పీకర్లు రెండు బిగించుకునేవారు. జాలీ తీసి చూశాం. ముందువైపు స్పీకరు బోల్టుల తలలు లేవు. అంటే దారి వెనుకనుండే.

అప్పుడు ఎల్బీనగర్‌లో మైకుసెట్టు మరమ్మతు చేసే ఒక పెద్దాయనను పిలుచుకొచ్చాం. ఆయన పెట్టెను దుప్పటి మీద బోర్లా పడుకోబెట్టి, ముందుగా వెనుక పలకను చాలాసేపు చదివాడు. చదివాడు అనే మాట ఊరికే వాడలేదు. ఒంటిగాటు స్క్రూలు పదకొండు, ప్లస్సు గాటువి అయిదు. ఒంటిగాటువి వడ్రంగివి, ప్లస్సువి తరువాతి మరమ్మతువి. ప్లస్సు స్క్రూలున్న వైపు అంచున తెల్ల జిగురు మరక. ఎవరో ఒకసారి తెరిచి, పలక గలగలలాడకుండా ఫెవికాల్ పూసి మూశారు. 1959లో పుట్టిన ఆ జిగురు మన వడ్రంగాన్ని ఎంతగా మార్చిందో వేరే చెప్పాలి. మంచి అలవాట్లతో పాటు ఇదొక చెడ్డ అలవాటునూ నేర్పింది.

"అన్నా, స్క్రూలన్నీ తీసిన అంటున్నవు గదా, నడిమిట్ల దాన్ని తీసినవా?" అని అడిగాడు పెద్దాయన.

నడుమ స్క్రూ ఎక్కడుంది? కంపెనీ పేరు లేని ఉత్త రేకు బిళ్ల కింద ఉంది. వెనుక పలక కంపించకుండా పెట్టె మధ్యలో నిలువు కర్ర ఒకటి ఉంటుంది, దానిలోకి దిగిన స్క్రూ అది. తుప్పు పట్టి కదలలేదు. రెండు చుక్కలు నూనె వేసి, టంకం కడ్డీ మొనను దాని తలపై రెండు నిముషాలు ఉంచి, ముందు వెంట్రుకవాసి బిగించి, పిదప విప్పాడు. వేడికి ఇనుము సాగి, తుప్పు పట్టు సడలుతుంది.

జిగురు మిగిలింది. మావాడు పెద్ద స్క్రూడ్రైవరు అందించబోతే ఆయన చేయి అడ్డుపెట్టాడు. స్పీకరు వీపున ఉన్న అయస్కాంతం ఉక్కు మొనను అమాంతం లాక్కుంటుంది. స్పీకరు చట్రపు కాళ్ల సందులలో కోను వెనుకభాగం నగ్నంగా ఉంటుంది. మొన జారితే కాగితం చీలుతుంది. అందువలన రెక్సిన్ అంచును బ్లేడుతో కోసి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి, వేడి వెనిగర్‌ను దూదితో అతుకు వెంట అద్ది, అరగంట ఆగి, పెయింటర్లు వాడే లప్పం బద్దను చొప్పించాడు. దానిని మీటడానికి వాడలేదు, అతుకును కోయడానికే వాడాడు. వెనుక పలకలోని వైరు గుచ్చే రేకును నాలుగు స్క్రూలు విప్పి పక్కకు తీశాడు. ఏ తీగ ఎక్కడిదో గుర్తు పెట్టుకుని, ఆ రంధ్రంలో చెక్కముక్కను అడ్డంగా దించి, దానికి కట్టిన తాడు పట్టుకుని నిటారుగా పైకి లాగాడు. ఇలా లాగితే బలం పలక నడుమన పడుతుంది, అంచు చితకదు. మూడోసారికి పటేలుమని ఊడింది.

లోపల బురద గీత నాలుగంగుళాల ఎత్తున ఉంది. పలక లోపలివైపు ఎవరో పెన్సిలుతో ఒక తేదీ, "కోను మార్పు" అన్న మాట రాసుకున్నారు. అక్షరాలు చూసి మావాడు కాసేపు మాట్లాడలేదు. పై స్పీకరు కోనును రెండు బొటనవేళ్లతో సమంగా నొక్కితే మెత్తగా కదిలింది. కింది దానిలో గరగర వినబడింది, తీగచుట్ట తిరిగే సందులో తుప్పు చేరింది. దానిని కోఠీ గుజరాతీ గల్లీలో కొత్త కోను వేయించడానికి ఇచ్చాం.

మూసేటప్పుడు జిగురు వాడలేదు. అంచుకు సన్నని స్పాంజి పట్టీ అతికించి, గాలి పోకుండా పదహారు స్క్రూలతో, నడుమదానితో కలిపి పదిహేడింటితో బిగించాం. రేకు బిళ్లను మాత్రం తిరిగి పెట్టవద్దన్నాడు పెద్దాయన.