ఒక్క పేరు వెనుక ఇరువురు కర్తలు



నేను ముప్పదియైదు సంవత్సరములు పాఠశాలలో చరిత్ర బోధించితిని. గుడి కట్టించిన రాజెవ్వరని బాలురను అడిగితినే కాని, రాతిని చెక్కిన శిల్పి యెవ్వరని యొక్కనాడును అడుగనైతిని. ఆ లోపమును కొంత సరిచేసికొనుటకై నేడు అమెరికా సంగీతచరిత్రమునుండి యొక వృత్తాంతము మనవి చేసెదను.

జాజ్ అనునది అమెరికాలోని నల్లజాతివారు పెంచిన సంగీతము. వారి పూర్వులు ఆఫ్రికానుండి బానిసలుగా కొనిపోబడినవారు. ఇందు బాకాలు, పియానో, డ్రమ్ములు మున్నగు వాద్యములు కలిసి మ్రోగును. రచన ముందుగా కుదిరియున్నను, వాద్యకారుడు నడుమ నడుమ మన విద్వాంసునివలె మనోధర్మము ననుసరించి దానిని విస్తరించును.

1899లో వాషింగ్టనులో జన్మించిన డ్యూక్ ఎలింగ్టన్ ఈ సంగీతమున అగ్రగణ్యుడు. 1927లో ఆతని బృందము న్యూయార్కులోని కాటన్ క్లబ్బున కుదిరెను. అచ్చట వాయించువారు నల్లవారు, కూర్చుండి వినువారు తెల్లవారు. అచ్చటినుండియే రేడియో మూలమున ఆతని కీర్తి దేశమెల్ల వ్యాపించెను.

1938 డిసెంబరులో పిట్స్‌బర్గు నగరమునందు ఒక నాటకశాల తెరవెనుక బిల్లీ స్ట్రేహార్న్ అను యువకుడు ఆతని దర్శించెను. వయస్సు ఇరువదిమూడేండ్లు; మందుల అంగడిలో పనిచేసి పొట్టపోసికొన్నవాడు. ఎలింగ్టన్ వాయించిన రచనను అచ్చముగ అట్లే పియానోపై వాయించి, వెంటనే దానినే తన రీతిని మార్చి వినిపించెను. మరుసటి సంవత్సరమే బృందమున చేరెను.

1941లో గొప్ప సంకటము వచ్చెను. సంగీతకర్తల సంఘమునకును రేడియో సంస్థలకును ప్రతిఫలమును గూర్చి తగవు పుట్టి, సంఘసభ్యుల రచనలు రేడియోలో ఆగిపోయెను. ఎలింగ్టన్ సభ్యుడు, తన రచనలను తానే వినిపింపలేకపోయెను. స్ట్రేహార్న్ సభ్యుడు కాడు. హార్లెమ్ పేటకు పోవు భూగర్భపు రైలు పేర ఆతడు కూర్చిన 'టేక్ ది ఏ ట్రెయిన్' నాటినుండి బృందమునకు ముద్రాగీతమయ్యెను. నాయకుడు మూగబోయిన వేళ గొంతు నిచ్చినవాడు ఈ అనుచరుడే.

ఇరువది యెనిమిదేండ్లు ఈ జంట కలిసి రచించెను. ఒకడు మొదలిడినది వేరొకడు ముగించెడివాడు. 1957లో షేక్స్పియరు నాటకములను బట్టి 'సచ్ స్వీట్ థండర్' కూర్చిరి. 1963లో బృందము మన దేశమునకును వచ్చెను. ఆ యాత్రాఫలముగ వెలసిన 'ఫార్ ఈస్ట్ సూట్'లో ఢిల్లీ గోరువంక కూతనుండి పుట్టిన భాగ మొకటి కలదు.

అయినను లోక మెరిగినది ఒక్క పేరే. స్ట్రేహార్న్ రచనలు కొన్ని ఎలింగ్టన్ పేరనే వెలువడెను. మన తిరుపతి వేంకట కవులలో తిరుపతిశాస్త్రిగారు 1920లో గతించినను, వేంకటశాస్త్రిగారు ఇరువురి పేరనే గ్రంథములు ప్రకటించిరి. అట్టి కట్టుబాటు అచ్చట లేకపోయెను. నాయకుడు సభలలో మిత్రుని పొగడెను. కాని పొగడ్త వేరు, కర్తృత్వము వేరు.

1967 మే 31వ తేదీన స్ట్రేహార్న్ కాన్సరువలన మరణించెను. ఆస్పత్రిలో నుండియు 'బ్లడ్ కౌంట్' అను తుది రచన చేసెను. ఆ వేసవిలోనే ఎలింగ్టన్ మిత్రుని రచనలనే గ్రామఫోను పలకకు వాయించి ఋణము కొంత తీర్చుకొనెను. 1974లో తానును గతించెను. పిమ్మట పండితులు వ్రాతప్రతులను శోధించి, దస్తూరిని బట్టి ఎవరి పాలెంతయో తేల్చిరి.

పెద్దలారా! మీ యూరి భజనకూటమునను ముందు నిలిచి పాడువాని వెనుక పదము కట్టినవా డొకడుండును. ఆతడు జీవించియుండగనే ఆతని పేరు నలుగురిలో చెప్పుడు. వ్రాతప్రతులు వెదకు పండితునికై దానిని విడిచిపెట్టకుడు.