గ్యాస్ బండ ధర ఎక్కడ తయారవుతుంది?

మా ఇంట్లో గ్యాస్ బండ వచ్చిన రోజున చిన్న తగువు మామూలే. బిల్లు చూడగానే అత్తయ్యగారు "ఈ గవర్నమెంటు వాళ్ళ కన్ను ఎప్పుడూ మన పొయ్యి మీదే" అంటారు. మావారు పేపరు దించకుండానే "గవర్నమెంటు ఏం చేస్తుందమ్మా, ధర ఆ అరబ్బు దేశాల చేతిలో ఉంటే" అంటారు. ఇద్దరికీ టీ అందిస్తూ చాలా ఏళ్ళు ఊరుకున్నాను. ఇంటి ఖర్చు లెక్క రాసేది నేనే కాబట్టి ఈసారి సంగతేమిటో తేల్చుకోవాలనిపించింది. నేను చదివింది బి.ఏ. తెలుగు, ఆర్థికశాస్త్రం రాదు. అయినా ఏ ఏడాది ఏం జరిగిందో వరసగా రాసుకుంటూ పోతే కొంతైనా తెలుస్తుంది కదా అని కూర్చున్నాను.

మావారి మాటతోనే మొదలుపెడదాం. 1973 అక్టోబరులో ఇజ్రాయెల్‌తో యుద్ధం వచ్చినప్పుడు అరబ్బు దేశాలు చమురు బిగించేశాయి. పీపా 3 డాలర్ల దగ్గర ఉన్నది కొద్ది నెలల్లో 12 డాలర్ల దాకా పోయింది. మన దేశంలోనూ పెట్రోలు ధర పెంచారు. నవంబరులో వాజ్‌పేయి గారు నిరసనగా ఎడ్లబండి ఎక్కి పార్లమెంటుకు వెళ్ళారు. ఆ ఎడ్లబండిని కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఆ తర్వాత పాతికేళ్ళకు పైగా మన దగ్గర ధరలు బజారులో కాదు, ఢిల్లీలో నిర్ణయమయ్యేవి. పెట్రోలు కొనేవాళ్ళ దగ్గర ఎక్కువ తీసుకుని, కిరసనాయిలు, గ్యాస్ వాడేవాళ్ళకు తక్కువకు ఇవ్వడం అప్పటి పద్ధతి. కారున్నవాడు కొంత భరిస్తే గుడ్డిదీపం పెట్టుకునేవాడికి వెలుగు. వినడానికి ఎంత బాగుందో!

కానీ ఆ చవక కిరసనాయిలు కోసం క్యూలో నిలబడ్డవాళ్ళలో నేనూ ఒకదాన్ని. తెనాలిలో మా చౌక డిపో ముందు పొద్దున్నే డబ్బా పెట్టి, దాని మీద రాయి పెట్టి, బడి టైమయ్యేదాకా కాపలా ఉండేదాన్ని. ఆ తర్వాత అమ్మ వచ్చి నిలబడేది. నీలం రంగు నూనె, రేషన్ కార్డు మీద లీటర్ల లెక్క. ఒక్కోసారి మా వంతు వచ్చేసరికి "అయిపోయింది" అని తలుపు వేసేవాడు. అదే నూనె సాయంత్రానికి ఇంకోచోట ఎక్కువ ధరకు దొరికేది. డీజిల్లో కలపడానికి పోయేది మరికొంత. గ్యాస్ కనెక్షన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి చూడాల్సిందే. ఎంపీలకు గ్యాస్ కూపన్ల కోటా ఉండేదంటే మా పిల్లలు నమ్మరు. ధర తక్కువే, నిజమే. మిగతాది అమ్మ తన పొద్దుటి వేళతో కట్టింది. ఆ లెక్క ఏ బడ్జెట్‌లోనూ కనిపించదు.

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్ మీద పడింది. చమురు భగ్గుమంది. మన దగ్గర డాలర్లు కరిగిపోయాయి. అక్టోబరులో పెట్రోలియం సరుకుల మీద 25 శాతం గల్ఫ్ సర్‌చార్జీ వేశారు. 1991 మధ్యకొచ్చేసరికి రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా విదేశీ డబ్బే మిగిలింది, దేశం బంగారం తాకట్టు పెట్టింది. జులై మొదట్లో రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు. జులై 24న మన పి.వి. నరసింహారావు గారి ప్రభుత్వం పెట్టిన బడ్జెట్‌లో పెట్రోలు, వంటగ్యాస్ 20 శాతం పెంచారు. ఎరువుల ధర 40 శాతం పెంచి, గొడవయ్యాక 30కి దించారు. ఇక్కడ అత్తయ్యగారి మాట, మావారి మాట రెండూ కలిసిపోయాయి. నిప్పు గల్ఫ్‌లో అంటుకున్నదే. కానీ ఇల్లు అంత ఎండిపోయి ఉండటానికి కారణం ఏళ్ళ తరబడి చేసిన అప్పులు.

1999లో చంద్రబాబునాయుడు గారు దీపం పథకం పెట్టి డ్వాక్రా మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇప్పించారు. మా పక్క వీధిలో కట్టెలమ్మే ముసలాయన వ్యాపారం మానుకున్నది ఆ రోజుల్లోనే.

ఇప్పుడు ఎడ్లబండి దగ్గరకు వద్దాం. ఢిల్లీ ధరలు నిర్ణయించే ఆ పాత పద్ధతిని 2002 ఏప్రిల్ 1న ఎత్తేసింది వాజ్‌పేయి గారి ప్రభుత్వమే. అలాగని ధర నిజంగా బజారుకు పోయిందా అంటే, లేదు. 2008 జులైలో పీపా 147 డాలర్లకు చేరినా మన బంకుల్లో అంత పెరగలేదు. ఆ తేడా కొంత చమురు కంపెనీలు భరించాయి, కొంతకు ప్రభుత్వం బాండ్లు రాసిచ్చింది. బాండంటే అప్పే. ఆ రోజు మన పొయ్యి చవకగా వెలిగింది, వడ్డీ తర్వాత వచ్చినవాళ్ళు కట్టారు. 2010 జూన్‌లో పెట్రోలు ధరను, 2014 అక్టోబరులో డీజిల్ ధరను కంపెనీలకు వదిలేశారు.

నాకు బాగా గుచ్చుకున్నది మాత్రం 2012 సెప్టెంబరు. సబ్సిడీ మీద ఏడాదికి ఆరు బండలే అన్నారు. ఆ దసరాకు మా ఆడపడుచు పిల్లలతో వస్తానంటే, సంతోషం కంటే ముందు నాకు బండల లెక్క గుర్తొచ్చింది. వాళ్ళున్న వారం రోజులూ వేణ్ణీళ్ళు బొగ్గుల బాయిలర్లో కాచాను. పిండివంటలు ఒకటి తగ్గించాను. ఆవిడ ఏమీ అనలేదు. కానీ గమనించిందని నాకు తెలుసు. 2013 జనవరిలో తొమ్మిది చేశారు, 2014 జనవరిలో పన్నెండు. అప్పుడు ఢిల్లీలో సబ్సిడీ బండ 414 రూపాయలు, సబ్సిడీ లేనిది 1,241. ఆ రెండంకెల మధ్య తేడా అరబ్బులు నిర్ణయించింది కాదు.

ఇక అసలు పరీక్ష ధర పడిపోయినప్పుడు జరిగింది. 2014 జూన్‌లో 100 డాలర్లు దాటి ఉన్న పీపా 2016 జనవరికి 30 లోపుకు వచ్చింది. మనకు కూడా అంత తగ్గాలి కదా? 2014 నవంబరు నుంచి 2016 జనవరి దాకా కేంద్రం తొమ్మిది సార్లు ఎక్సైజ్ సుంకం పెంచింది. మొత్తం మీద లీటరు పెట్రోలుకు 11 రూపాయల 77 పైసలు, డీజిల్‌కు 13 రూపాయల 47 పైసలు. 2020 మే నెలలో, లాక్‌డౌన్‌లో చమురు అడిగేవాడే లేనప్పుడు, ఒక్కరోజే పెట్రోలు మీద 10, డీజిల్ మీద 13 రూపాయలు వేశారు. దాంతో పెట్రోలు మీద కేంద్రం సుంకమే లీటరుకు 32 రూపాయల 98 పైసలైంది. 2021, 2022లలో కొంత తగ్గించారు. రాష్ట్రాలేమీ తక్కువ తినలేదు. మన ఆంధ్రాలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. 2017లో జీఎస్టీ వచ్చినా పెట్రోలు, డీజిల్ దానిలోకి రాలేదు. ఆ ఆదాయాన్ని ఏ పార్టీ వదులుకుంటుంది?

ఇంకో సంగతి. 2017 జూన్ నుంచి పెట్రోలు ధర రోజూ మారాలి. కానీ 2021 నవంబరు నుంచి 2022 మార్చి 22 దాకా 137 రోజులు కదల్లేదు. మధ్యలో ఉక్రెయిన్ యుద్ధం వచ్చి పీపా 100 డాలర్లు దాటింది. మధ్యలో ఉత్తరప్రదేశ్ ఎన్నికలు కూడా వచ్చాయి. 2024లో బండ మీద వంద రూపాయలు తగ్గించిన రోజు మార్చి 8, మహిళా దినోత్సవం. అరబ్బు దేశాల్లో కూడా ఆ పండగ చేస్తారేమో మావారిని అడగాలి.

డీజిల్ బంకు దగ్గరే ఆగితే బాగుండు. మదనపల్లె టమాటా విజయవాడకు లారీలోనే కదా వచ్చేది. డీజిల్ పెరిగిందని స్కూలు ఆటో అబ్బాయి నెలకు వంద పెంచుతాడు. తగ్గినప్పుడు అడిగితే "టైర్లు పెరిగాయమ్మా" అంటాడు. అతన్ని అనలేను. తగ్గింపు అతని దాకా వచ్చిందెప్పుడు గనక?

కాగితం నిండా రాసింది అత్తయ్యగారికి చదివి వినిపించాను. పెరిగేటప్పుడు చాలాసార్లు మీ అబ్బాయి మాట నిజం, తగ్గాల్సినప్పుడు తగ్గకపోవడం దగ్గర మాత్రం మీ మాట నిజం అన్నాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని "తొమ్మిది సార్లా?" అని మళ్ళీ అడిగారు. ఆ వాక్యం ఉన్న చోట పెన్సిలుతో గీత గీయించుకుని, కాగితం మావారి పేపరు మడతలో పెట్టమన్నారు.